తడవని పుస్తకం

తెర మీద మొదట వచ్చిన మాటలు ఇవి: విదేశీ న్యాయవాదులకు అమెరికా న్యాయవ్యవస్థ పరిచయం. పెద్ద లాయరు గారు కళ్ళద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివారు.

"విదేశీ అంటే ఎవురయ్యా? మనమా?"

"మనమే సార్," అన్నాను.

"నలభై ఏండ్లుగా నెల్లూరు కోర్టులో ఉండా. ఈ పొద్దు ఆరున్నరకే లేపి నన్ను విదేశీయుణ్ణి చేసినారే!"

ఆయన దగ్గర జూనియర్ లాయరుగా పనిచేసే అక్క ఫ్లాస్కులోంచి టీ గ్లాసుల్లోకి వంచుతూ నవ్వింది. "టీ మాత్రం మా ఇంటిదే సార్. తాగండి."

నేను లాయరును కాను. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, కృష్ణపట్నం పోర్టుకు పోయే దారిలో ఉన్న ఒక రొయ్యల ఫ్యాక్టరీలో నాణ్యత విభాగం చూస్తున్నాను. చెరువుల నుంచి వచ్చిన రొయ్యను కడిగి, తల తీసి, గడ్డకట్టించి, మైనస్ పద్దెనిమిది డిగ్రీల కోల్డ్ రూంలో ఉంచి, కంటైనర్లకు ఎక్కించి పంపుతాం. అట్లా పంపిన కంటైనర్ ఒకటి అమెరికాలో తెరిచేసరికి సరుకు ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టినట్టు ఉందట. కొన్నవాళ్ళు అక్కడి కోర్టులో దావా వేశారు, ఓడ కంపెనీ మీదా, మా మీదా. కరిగింది ఓడలోనా, మా దగ్గరేనా అన్నదే తగాదా.

మా దగ్గర కాదని చూపించడానికి మాకున్నది ఒకే పుస్తకం. గంటగంటకూ కోల్డ్ రూం ఎంత చల్లగా ఉందో రాసే పుస్తకం. దాని ప్రతి పేజీ కింద నా సంతకం ఉంది. ఫ్యాక్టరీ పనిలో సగం అమెరికా సరుకుదే కాబట్టి, కేసు పోతే ఎంతమందికి పని ఉంటుందో చెప్పలేం. నా సంతకం నమ్మదగింది కాదని తేలితే మాత్రం ముందు పోయేది నేనే. అందులో సందేహం లేదు.

కంపెనీ అమెరికాలో ఒక లాయరమ్మను పెట్టుకుంది. ఆవిడ ఆఫీసు వేరే దేశాల లాయర్ల కోసం ఆరు పరిచయ తరగతులు నడుపుతుంది. కేసు గురించి మాట్లాడుకునే ముందు మన లాయర్లు అవి వింటే మంచిదని ఆవిడే చెప్పింది. అక్కడ ముందు రోజు సాయంత్రం, ఇక్కడ తెల్లవారి ఆరున్నర. నేను ముత్తుకూరు నుంచి బండి మీద నెల్లూరు వచ్చి, పెద్ద లాయరు గారి ఆఫీసులో కంప్యూటర్ పెట్టేవాణ్ణి. నాకు మూడు పనులు ఉండేవి: కంప్యూటర్ నడపడం, యంత్రాల సంగతి వస్తే వివరించడం, మైకు ఆపి ఉందో లేదో చూడటం. మొదటి తరగతిలో మూడోదానిలో విఫలమయ్యాను. "ఈ అమ్మ ఊపిరి తీసుకోకుండా మాట్లాడతాందే" అన్న పెద్ద లాయరు గారి మాట, అదే తరగతిలో ఉన్న వియత్నాం లాయర్ల దాకా వినిపించింది. అదృష్టం, అక్కడ తెలుగు వచ్చినవాళ్ళు లేరు.

నాకు జాబితాలు రాసే అలవాటు. మొదటి రెండు తరగతుల్లో నా నోటుపుస్తకంలో ఎక్కినవాటిని రాస్తే ఇట్లా ఉంటుంది. అక్కడ దేశానికంతా ఒక వరస కోర్టులు, ప్రతి రాష్ట్రానికీ సొంతంగా మరో వరస. మామూలు సివిల్ దావాలో కూడా పన్నెండుమంది దాకా ఊరి జనం కూర్చుని తీర్పు చెప్పవచ్చు. గడువు అంటే గడువు. ఇది రాసుకున్నప్పుడు పెద్ద లాయరు గారు గట్టిగా అడిగారు: "వాయిదా అడిగితే?" లాయరమ్మ ఓపిగ్గా చెప్పింది, అడగవచ్చు, కారణం చెప్పాలి, జడ్జి ఒప్పుకోకపోవచ్చు. "లాయరుకి జొరమొస్తే?" ఇంకో లాయరు రావాలి. ఆయన మైకు ఆపమని నాకు సైగ చేసి, "ఆ దేశంలో లాయర్లకి జొరం కూడా రానియ్యరు," అన్నారు.

అసలు సంగతి మూడో తరగతిలో వచ్చింది. విచారణకు చాలా ముందే, రెండు వైపులవాళ్ళూ తమ దగ్గరున్న కాగితాలు ఎదుటివాళ్ళకు ఇచ్చుకోవాలి. గెలిపించేవి మాత్రమే కాదు. ఎదుటివాళ్ళు అడిగిన విషయానికి సంబంధించినవి అన్నీ, ఓడించేవి కూడా. దావా వస్తుందని తెలిసిన రోజు నుంచి ఒక్క చీటీ పారెయ్యకూడదు. పారేసినట్టు తేలితే, ఆ చీటీలో మీకు చెడ్డదే ఉందని అనుకోవచ్చని జడ్జి ఆ పన్నెండుమందికి చెప్పే ప్రమాదం ఉంది.

పెద్ద లాయరు గారు కుర్చీలో ముందుకు జరిగారు. "మన చట్టంలో కూడా ఉండాది, పదకొండో ఆర్డరు. ఎవురు వాడతారు? నా కత్తి తీసకపోయి వాడి చేతిలో పెట్టి, పొడువు నాయనా అంటానా?"

లాయరమ్మ చివర్లో ఒక మాట అంది. అది మాత్రం నేను అన్నది అన్నట్టు రాసుకున్నాను: "మీకు నష్టం చేసే కాగితం ముందు నాకు చూపండి. నాకు తెలిసిన చెడ్డకు నేను జవాబు తయారుచేసుకోగలను."

తరగతి అయ్యాక అక్క నన్ను అడిగింది. "ఆ కోల్డ్ రూం పుస్తకం బాగా నీటుగా ఉండాది తమ్ముడూ. మొదట రాసింది అదేనా?"

"కాదక్కా. అది ఫెయిర్."

"రఫ్ యాడుండాది?"

నేను జవాబు చెప్పేలోపే పెద్ద లాయరు గారు లేచారు. "పాతకాగితాల వాడికి పోయుంటాది. పోయింది పోయింది. ఫెయిర్ ఉండాది కదా, చాలు."

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ప్రయోగం చేసేటప్పుడు అంకెలు వేసుకునేది అబ్జర్వేషన్ పుస్తకం. ఇంటికి వచ్చి, గీతలు గీసి, కొట్టివేతలు లేకుండా ఎక్కించేది రికార్డు పుస్తకం. మార్కులు రికార్డుకే. అంకె కాస్త పక్కకు పోతే, రావలసిన అంకెకు దగ్గరగా సర్దుకోవడం అందరికీ తెలిసిన విద్య. నాలుగేళ్ళు అట్లా రాసి ఫ్యాక్టరీకి వచ్చిన నేను, అక్కడ మొదటి వారంలోనే ఒక పద్ధతి పెట్టాను. కోల్డ్ రూం ఆపరేటర్ చేతికి దొరికిన నోటుపుస్తకంలో రాసుకుంటాడు. నేను రోజూ సాయంత్రం దాన్ని గళ్ళ ఫారంలోకి ఎక్కించి సంతకం పెడతాను. నెలాఖరుకు రఫ్ తీసేస్తాం. తనిఖీకి వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఒకరు ఫోటో కూడా తీసుకున్నారు.

ఆ కంటైనర్ నెలలో ఒక రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్‌కు మార్చే స్విచ్చు పట్టేసి, మారేసరికి రెండు గంటలకు పైనే పట్టింది. ఆ గంటల తాలూకు మూడు గడుల్లో నేను ఫెయిర్‌లో మైనస్ పద్దెనిమిదే వేశాను. నా లెక్క నాకుంది: గదిలో గాలి రెండు మూడు డిగ్రీలు వేడెక్కినా, తలుపు తీయనంతవరకు పెట్టెల లోపలి రొయ్యకు ఏమీ కాదు. అది సాంకేతికంగా నిజం. కానీ నేను రాసిన అంకె నిజం కాదు. ఈ రెండు మాటలకూ మధ్య ఎంత దూరం ఉందో నాకు ఆ మూడో తరగతిలో తెలిసింది.

రఫ్ పుస్తకాలన్నీ పాతకాగితాలకు పోలేదని కూడా నాకు తెలుసు. మా ఆపరేటర్ బోగోలు దగ్గర చేపలు పట్టే కుటుంబం మనిషి. వయసులో నాకంటే చాలా పెద్ద. వారానికోసారి ఇంటికి పోతాడు. నోటుపుస్తకాల వెనక పేజీల్లో సముద్రం పోటు, పాటు వేళలు రాసుకుంటాడు, వాళ్ళ తమ్ముడి పడవ కోసం. అందుకని వాటిని పారెయ్యడు.

ఆదివారం బండి మీద బోగోలు పోయాను. ఆయన ఇంటి ముందు ఇసుకలో తమ్ముడితో కలిసి పడవ ఇంజను విప్పి పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకున్నాడు.

"ఏంది సార్, రొయ్యలు చాలక చేపల కోసం వచ్చినారా?"

"పుస్తకం కోసం వచ్చా అన్నా. కరెంటు పోయిన నెలది."

ఆయన నవ్వాడు. "మీ పుస్తకంలో ఆ పొద్దు కరెంటు పోలేదు కదా సార్. నా దాంట్లోనే పోయింది."

తమ్ముడు ఇంజను మీదనుంచి తల ఎత్తకుండానే నవ్వాడు. ఆయన లోపలికి పోయి, పెట్టెలోంచి ఒక నోటుపుస్తకం తెచ్చాడు. అట్ట సగం ఊడింది. పేజీలు తడిసి, ఆరి, అప్పడాల్లా ఉన్నాయి. ఆ రోజు పేజీ తీశాను.

పన్నెండు, కరెంటు పోయింది, మైనస్ పద్దెనిమిది, తలుపు తియ్యలా. ఒకటి, మైనస్ పదిహేను, తలుపు తియ్యలా. రెండు, మైనస్ పదిహేను, తలుపు తియ్యలా. రెండుంపావు, జనరేటర్ వచ్చింది. మూడు, మైనస్ పదిహేడు, తలుపు తియ్యలా. పక్కన మార్జిన్‌లో: తూర్పు గాలి.

"ప్రతిసారీ తలుపు తియ్యలా అని ఎందుకు రాసినావు అన్నా?"

"తియ్యలేదు కాబట్టి రాసినా. లోడింగోళ్ళు రెండుసార్లు వచ్చినారు తియ్యమని. కుర్చీ తెచ్చి తలుపుకి అడ్డంగా ఏసుకోని కూర్చున్నా. నన్ను తిట్టినారు కూడా. అది రాయలేదు, బూతులు కదా."

నా గళ్ళ ఫారంలో తలుపు అన్న గడే లేదు. అసలు కరెంటు అన్న గడీ లేదు. ఫారం తయారుచేసింది నేను.

పుస్తకాన్ని ఆ రోజు తీసుకురాలేదు. ఫోటో కూడా తియ్యలేదు. జాగ్రత్తగా పెట్టమని చెప్పి తిరిగి వచ్చాను. దారిలో ఆలోచించిందంతా ఒకటే. పెద్ద లాయరు గారు పోయింది పోయింది అనేశారు. నేను కూడా నోరు మూసుకుంటే ఆ పుస్తకం బోగోలులో పోటు వేళల పుస్తకంగానే ఉండిపోతుంది. మూడు అంకెల సంగతి ఎవరికీ తెలియదు. హైవే ఎక్కాక టీ కొట్టు దగ్గర ఆగి అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను. మూడు గడుల సంగతి కూడా.

"మా నాయన టైలరు," అంది. "కొలత తప్పు రాసుకుంటే గుడ్డ కత్తిరించక ముందే చెప్పేస్తాడు. కత్తిరించినాక చెప్తే ఎవురూ వినరు. రేపు పొద్దున్నే రా. సార్‌తో నేను మాట్లాడతా."

మర్నాడు ఆమె మాట్లాడిన పద్ధతి నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. రఫ్ పుస్తకం దొరికిందని చెప్పింది. అందులో ఏముందో చెప్పలేదు. ఫెయిర్ పుస్తకాన్ని ఆయన బల్ల మీద పెట్టి, "సార్, మీరు అవతలి లాయరు. ఈ తమ్ముడు సాక్షి. పది నిమిషాలు క్రాస్ చెయ్యండి. మాకు కూడా ప్రాక్టీసు," అంది.

ఆయనకు అంతకంటే ఏం కావాలి? గౌను లేకపోయినా లేచి నిలబడ్డారు.

"ఈ పుస్తకం ఎవురు రాసినారు?"

"నేను సార్."

"కోల్డ్ రూంలో నిలబడి రాసినావా?"

"లేదు సార్. సాయంత్రం, ఆఫీసులో."

"అంటే గంటగంటకీ నువ్వు చూసి రాయలేదు. చూసినోడు వేరే, రాసినోడు వేరే." పేజీలు తిప్పారు. "ముప్పై రోజులు. ఒకటే పెన్ను. ఒకటే చేతి రాత. కొట్టివేత ఒక్కటన్నా లేదు. రొయ్యల ఫ్యాక్టరీ పుస్తకమయ్యా ఇది, నీళ్ళ చుక్క పడలేదే! నెలంతా మైనస్ పద్దెనిమిది. మా ఇంట్లో ఫ్రిజ్జు కూడా పొద్దుటికీ సాయంత్రానికీ ఒక మాట మీద ఉండదు. ఆ నెల మీ ఊళ్ళో ఒక్క రోజు కూడా కరెంటు పోలేదా?"

నేను అక్క వైపు చూశాను.

"పోలేదా అని అడుగుతాండా."

"పోయింది సార్. ఒక రోజు."

"మరి ఈ పుస్తకంలో యాడుండాది?"

ఆయన నా మొహం చూశారు, అక్క మొహం చూశారు, మళ్ళీ పుస్తకం చూశారు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, మెల్లగా కూర్చున్నారు.

"నువ్వు నాకు ఉచ్చేసినావు కదమ్మా," అన్నారు అక్కతో.

"మీరే ఏసుకున్నారు సార్. నేను పుస్తకం పెట్టినా, అంతే."

"నెల్లూరులో ఉండే ముసలోణ్ణి, నాకే పది నిమిషాల్లో దొరికింది. ఆ అమెరికా వోళ్ళకి ఎంతసేపు?" ఆయన నా వైపు తిరిగి, మూడు గడుల సంగతి అంతా నా చేత చెప్పించుకున్నారు. "ఆ రఫ్ తెప్పించు. ఆపరేటర్‌నే తీసుకురమ్మను, చేతులు మారకుండా. ఆ లాయరమ్మకి నువ్వే చెప్పు. మూడు అంకెలూ మార్చింది నేనే అని, నీ నోటితో చెప్పు. నేను పక్కనుంటా."

లాయరమ్మ వీడియోలో ఆ పేజీని చాలాసేపు చూసింది. నేను చెప్పినదంతా విన్నాక ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న నేను ఊహించింది కాదు. "ప్రతి వరసలో చివరన ఉన్న మాట ఏమిటి?" తలుపు తియ్యలేదు, అని చెప్పాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. రెండు పుస్తకాలూ ఎదుటివాళ్ళకు పోవాలని, నేను సాక్ష్యం ఇవ్వాల్సి ఉంటుందని చెప్పింది.

ఆ సాక్ష్యం కూడా మన కోర్టుల్లో లాంటిది కాదు. రెండు వైపులా ఒప్పుకుని వీడియోలో ఏర్పాటు చేశారు. ప్రమాణం చేయించారు, ప్రతి మాటా టైపు చేసే మనిషి ఉన్నారు, లాయర్లు ఉన్నారు. జడ్జి లేడు. పెద్ద లాయరు గారికి ఇది ఎంతకూ మింగుడు పడలేదు. "పెద్దదిక్కు లేకుండా సాక్ష్యమేందయ్యా! ఎవుణ్ణి చూసి భయపడాల?" మన వైపు లాయరమ్మ అభ్యంతరం అని రాయిస్తుంది, అయినా మామూలుగా నేను జవాబు చెప్పాల్సిందే. ఆయనకు మాట్లాడే హక్కు లేదు. మూలన కుర్చీలో రెండు చేతులూ గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

లాయరమ్మ నాకు నేర్పినవి ఒక చిన్న అట్టముక్క మీద రాసుకుని రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. ప్రశ్న పూర్తిగా విను. అడిగినదానికే చెప్పు. తెలియకపోతే తెలియదను. ఊహించకు. చెప్పాక ఆగు. నాకు కష్టం చివరిదే. ఇంజనీరు ఆగడు, కారణాలు ఒకటి, రెండు, మూడు అని చెప్పుకుంటూ పోతాడు.

అవతలి లాయరు మర్యాదస్థుడు. గొంతు పెంచలేదు. రెండు పుస్తకాల పేజీలనూ తెర మీద పక్కపక్కన పెట్టాడు.

"ఈ రెండింటిలో నిజమైన అంకెలు దేనిలో ఉన్నాయి?"

"తడిసినదానిలో," అన్నాను.

"మరి రెండోదానిలోని ఈ మూడు అంకెలు?"

"అవి నేను మార్చి రాశాను."

"ఎవరైనా మార్చమన్నారా?"

"లేదు."

"మార్చడం సరైన పనేనా?"

నా దగ్గర గాలి వేడి, పెట్టె లోపలి వేడి, తలుపు బిగింపు, మూడు కారణాలూ వరసగా నాలుక చివర ఉన్నాయి. "కాదు," అన్నాను. ఆగాను. మూలన పెద్ద లాయరు గారి కుర్చీ కిర్రుమంది.

ఆ తర్వాత ఆపరేటర్ వంతు. అక్కడి నుంచి ఒక తెలుగు దుబాసీ ఆయన మాటలను ఇంగ్లీషులో చెప్పాడు. తలుపు తియ్యలేదని మీకెట్లా తెలుసు అని అడిగారు.

"కుర్చీ ఏసుకోని కూర్చున్నా సార్, తలుపుకి ఆనుకోని. వీపు చల్లబడింది. మూడు రోజులు నడుము పట్టేసింది." దుబాసీ అది కూడా పొల్లుపోకుండా చెప్పాడు. టైపు చేసే మనిషి నవ్వు ఆపుకోవడం తెర మీద కనిపించింది.

రెండు నెలలకు లాయరమ్మ నుంచి మెయిలు వచ్చింది. మా మీద దావా వెనక్కి తీసుకున్నారు. కంటైనర్‌లోనే ఉండి వేడిని నమోదు చేసే యంత్రం, సముద్రం మీద చాలా రోజులు ఎక్కువ వేడి చూపించిందట. ఓడ కంపెనీ వాళ్ళతో విడిగా తేల్చుకుంటున్నారట. నోటుపుస్తకం ఒక్కటే గెలిపించిందని నేను చెప్పుకోను. కానీ ఆవిడ రాసిన ఒక వాక్యం నాకు గుర్తుంది: మీరు నీటు పుస్తకాన్నే పట్టుకుని ఉంటే వాళ్ళు యంత్రాన్ని వదిలి మీ వెంట పడేవాళ్ళు.

కంపెనీ నాకు మెమో ఇచ్చింది. ఇవ్వాల్సిందే. నేను మార్చిన గడులు మూడు అని, కారణం ఇది అని, ఇక ముందు జరగదని రాసిచ్చాను. ఆ కాగితం నా ఫైల్లో ఉంది. ఉద్యోగమూ ఉంది.

పెద్ద లాయరు గారు ఇప్పుడు ఎవరైనా చక్కగా టైపు చేసిన కాగితం తెస్తే, చదవకముందే "దీని రఫ్ యాడుండాది?" అని అడుగుతున్నారని అక్క చెప్పింది. అవతలివాళ్ళ కాగితాలు చూపించాలని పదకొండో ఆర్డరు కింద ఆమె ఒక దరఖాస్తు కూడా వేసింది. అవతలి లాయరు ఆశ్చర్యపోయి వాయిదా అడిగాడట.

ఫ్యాక్టరీలో ఇప్పుడు ఫెయిర్ పుస్తకం లేదు. ఆపరేటర్ రాసిందే పుస్తకం. ఫారం మళ్ళీ నేనే గీశాను: కరెంటు, జనరేటర్, తలుపు, చివరన పేరు పెట్టని వెడల్పు గడి ఒకటి. అందులో ఆయన గాలి ఎటు వీస్తోందో రాస్తాడు. నేను సాయంత్రం ఆఫీసుకు తెప్పించుకోకుండా, కోల్డ్ రూం తలుపు దగ్గరికే పోయి సంతకం పెడుతున్నాను. నిన్న ఆయన పుస్తకం చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"ఉండండి సార్, పేజీ తడిగా ఉండాది. ఆరినాక పెట్టండి, అలుక్కుపోతాది."

"పోనీలే అన్నా," అని పెట్టేశాను. అలుక్కుపోయింది. నా పేరులో మొదటి రెండక్షరాలు కనిపిస్తున్నాయి. చాలు.